ఊపిరితిత్తులలోని నీటిని కొలుచుట యెట్లు?

విద్యార్థులారా! రాత్రివేళ పండుకొనలేక, తలగడమీద తలగడ పేర్చుకొని, గోడకు చేరగిలబడి తెల్లవార్లు రొప్పుచుండు వృద్ధులను మీలో కొందఱు మీ యిండ్లలోనో, ఇరుగుపొరుగు ఇండ్లలోనో చూచియుందురు. "వయసు మీఱినది, ఆయాసము రాకుండునా" యని యింటివారు ఊరకుందురు. వైద్యుడు పరీక్షించి "ఊపిరితిత్తులలో నీరు చేరినది" అని చెప్పును. ఆ మాట వినినంతనే మనకు మూడు సందేహములు కలుగును. గాలి యుండవలసిన చోటికి నీరెట్లు వచ్చెను? ఱొమ్మును కోయకయే వైద్యుడు దానిని ఎట్లు కనుగొనెను? ఆ నీరెంత యున్నదో కొలుచుటకు ఉపాయమున్నదా? మొదటి ప్రశ్నకు సంగ్రహముగను, తక్కిన రెంటికి కొంత విపులముగను ఉత్తరము చెప్పుటయే యీ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. నీరు చేరు విధము

మన ఊపిరితిత్తులు బోలు సంచులు కావు. శ్వాసనాళము చెట్టుకొమ్మవలె చీలి చీలి, తుదకు కంటికి ఆననంత చిన్నవైన వాయుకోశములుగా ముగియును. ఇవి ముప్పది కోట్లకు తక్కువగాక యుండును. వీని గోడలన్నిటిని విప్పి పఱచినచో సుమారు 70 చదరపు మీటర్ల స్థలము, అనగా ఒక పెద్ద తరగతిగది నేలయంత, ఆక్రమించును. ఆ గోడలయందు సూక్ష్మమైన రక్తకేశనాళికలు వలవలె అల్లుకొనియున్నవి. గాలికిని రక్తమునకును నడుమనుండు పొర పెక్కుచోట్ల మిల్లీమీటరులో వేయవవంతు మందమైనను ఉండదు. ఇంత పలుచని పొర గనుకనే ప్రాణవాయువు రక్తములోనికి సులభముగా పోవుచున్నది. ఇంత పలుచని పొర గనుకనే నీరును సులభముగా ఊరుటకు వీలగుచున్నది.

చెఱువుకట్టను జ్ఞాపకము చేసికొనుడు. చెఱువులో నీరెక్కువైనకొలది కట్టకు ఆవల ఊట యెక్కువగును. ఊటనీటిని కొనిపోవుటకు చిన్నకాలువ యున్నంతకాలము పొలము పాడుకాదు. మన శరీరములోను ఇట్టి యేర్పాటే కలదు. రక్తనాళములోని ఒత్తిడి నీటిని వెలికి త్రోయును. రక్తములోని మాంసకృత్తులు నీటిని లోపలికి లాగికొనును. ఈ రెండు బలముల సమతూకమును 1896వ సంవత్సరమున ఎర్నెస్ట్ స్టార్లింగ్ అను ఆంగ్లేయ శరీరశాస్త్రజ్ఞుడు వివరించెను. ఊపిరితిత్తుల కేశనాళికలలో ఒత్తిడి సామాన్యముగా 10 మిల్లీమీటర్ల పాదరసమునకు లోబడియుండును. మాంసకృత్తుల ఆకర్షణ ఇంచుమించు 25 మిల్లీమీటర్లుండును. అయినను కొంచెము నీరు ఊరుచునే యుండును. దానిని శోషరసనాళములను చిన్నకాలువలు కొనిపోవును.

గుండె యెడమభాగము బలహీనమైనప్పుడు గాని, కీళ్లవాతజ్వరము వలన గుండెలోని కవాటము ఇఱుకైనప్పుడు గాని, రక్తము ముందునకు సాగక ఊపిరితిత్తులలో నిలిచిపోవును. తూము మూసికొనిపోయిన చెఱువువలె అచ్చట ఒత్తిడి హెచ్చును. 1959లో అమెరికా శాస్త్రజ్ఞుడు గైటన్ తన సహచరునితో కూడి కుక్కలపై పరిశోధనలు చేసి, గుండె యెడమ కర్ణికలోని ఒత్తిడి సుమారు 25 మిల్లీమీటర్లకు లోబడియున్నంతవఱకు ఊపిరితిత్తులలో నీరు నిలువదనియు, ఆ హద్దు దాటినపిదప వేగముగా నిండుననియు చూపెను. రక్తములో మాంసకృత్తులు తగ్గినచో ఆ హద్దు ఇంకను క్రిందికి దిగును. మూత్రపిండములు చెడినప్పుడును శరీరములో నీరు హెచ్చి ఇట్లే జరుగవచ్చును. ఇదిగాక మఱియొక విధము కలదు. తీవ్రమైన అంటురోగముల యందు కట్టయే బీటలు వాఱినట్లు కేశనాళికల గోడ చెడిపోవును. అప్పుడు ఒత్తిడి హెచ్చకున్నను నీరు కాఱును.

ఇచ్చట ముఖ్యముగా గమనింపవలసిన విషయ మొకటి కలదు. నీరు మొట్టమొదట వాయుకోశములలోనికి రాదు. వాని గోడలలో చేరును. ఈ మొదటి దశలో రోగికి మెట్లెక్కునప్పుడు కొంచెము ఆయాసము తప్ప వేఱు గుర్తు కానరాకపోవచ్చును. గోడలలో చోటు చాలనప్పుడే నీరు పొంగి వాయుకోశములను నింపును. అప్పుడు రోగి నురుగుతో కూడిన కఫమును ఉమియుచు, నీటిలో మునిగినవానివలె గిలగిల కొట్టుకొనును. మొదటి దశలో కనుగొన్నచో చికిత్స సులభము. రెండవ దశలో ప్రాణాపాయము. వైద్యులు రెండువందల యేండ్లకు పైగా క్రొత్త క్రొత్త పద్ధతులను వెదకుటకు కారణ మిదియే. చెవికి వినబడుటకు ముందే నీటి జాడ తెలియవలెను.

2. వ్రేళ్లును చెవియును

ఆస్ట్రియా దేశమున గ్రాజ్ పట్టణములో ఒక పూటకూటియింటి యజమానికి లియోపోల్డ్ ఔవెన్‌బ్రుగ్గర్ అను కుమారుడుండెను. పీపాపై తట్టి, వచ్చు ధ్వనినిబట్టి అందు ద్రవము ఎంతవఱకున్నదో తెలిసికొనుట అట్టి యిండ్లలో వాడుక. ఈ బాలుడు పెరిగి వైద్యుడై, రోగుల ఱొమ్మును వ్రేళ్లతో తట్టి చూచెను. గాలియున్నచోట డోలుమ్రోతయు, నీరున్నచోట మొద్దుధ్వనియు వచ్చెను. శవముల ఱొమ్ములో నీరు పోసి, తట్టి, తన యూహ సరియైనదో కాదో పరీక్షించి, 1761లో వియన్నా నగరమున ఒక చిన్నగ్రంథము ప్రకటించెను. చాలకాలము దానిని లెక్కచేసినవారు అరుదు. 1808లో ఫ్రెంచి వైద్యుడు కార్విజార్ దానిని తన భాషలోనికి అనువదించిన పిదపనే ఆ పద్ధతి వ్యాపించెను. మీరును సగము నీరున్న కుండను పైనుండి క్రిందికి తట్టుచు రండు. నీటిమట్టము చేతికే తెలియును.

అయితే ఈ పద్ధతి ఊపిరితిత్తి చుట్టునున్న పొరల నడుమ చేరిన నీటిని చక్కగా తెలుపును గాని, ఊపిరితిత్తి లోపల స్పంజిలోవలె వ్యాపించిన నీటిని అంత చక్కగా తెలుపజాలదు. ఈ రెండును వేఱువేఱు వ్యాధులు. చుట్టునున్న నీటిని సూదితో తీయవచ్చును. లోపల వ్యాపించిన దానిని అట్లు తీయ వీలులేదు.

లోపలి నీటికి చెవి సాయపడెను. 1816లో పారిసు నగరమున లెనెక్ అను వైద్యుడు గుండెజబ్బుతో నున్న యొక యువతిని పరీక్షింపవలసివచ్చి, ఱొమ్మునకు చెవి యాన్చుట మర్యాద కాదని సంకోచించి, కాగితములను గొట్టముగా చుట్టి దాని గుండా వినెను. ఇదియే స్టెతస్కోపునకు పుట్టుక. 1819లో ఆయన తన గ్రంథమును ప్రకటించెను. నీరు చేరిన ఊపిరితిత్తిలో గాలి పీల్చునప్పుడు వినవచ్చు చిటపట ధ్వనిని ఆయన పెనముపై వేడెక్కిన ఉప్పు చిట్లు ధ్వనితో పోల్చెను. చెవి దగ్గఱ నాలుగు వెంట్రుకలను వ్రేళ్లనడుమ నలిపినచో ఆ ధ్వని యెట్టిదో మీకును తెలియగలదు.

స్టెతస్కోపు చౌకయైనది, ఎచ్చటికైనను కొనిపోదగినది. కాని దానికి రెండు లోపములు కలవు. మొదటి దశలోని నీరు దానికి తఱచు వినబడదు. వినబడినప్పుడైనను "ఉన్నది" అని చెప్పును గాని "ఇంత యున్నది" అని చెప్పదు.

3. త్రాసు చెప్పు సత్యము

కొలతలో సందేహము వచ్చినప్పుడు త్రాసును మించిన సాక్షి లేదు. తడిసిన స్పంజిని తూచి, ఎండబెట్టి మరల తూచినచో తగ్గిన బరువే నీటి బరువు. పరిశోధనాలయములలో చనిపోయిన జంతువుల ఊపిరితిత్తులను ఇట్లే తడిగా తూచి, పొయ్యిలో ఆఱబెట్టి తూచి, అందలి రక్తపు భాగమును లెక్కగట్టి తీసివేసి, రక్తనాళముల వెలుపలనున్న నీటిని నిర్ణయింతురు. ఈ పద్ధతి అన్నిటికిని ప్రమాణము. కాని ఇది చనిపోయిన తరువాతనే చేయదగినది, ఒక్కసారియే చేయదగినది. బ్రదికియున్న రోగికి దీనివలన ప్రయోజనము లేదు. అయినను తక్కిన పద్ధతులు నిజము చెప్పుచున్నవో లేదో పరీక్షించుటకు ఇదియే గీటురాయి.

4. నీడలలో నీరు

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వుర్జ్‌బర్గ్ పట్టణమున రాంట్‌జెన్ ఎక్స్-రే కిరణములను కనుగొనెను. గాలి ఈ కిరణములను ఆపదు. నీరు కొంత ఆపును. అందుచేత ఎక్స్-రే పటములో ఆరోగ్యవంతుని ఊపిరితిత్తి నల్లగాను, నీరు చేరినది తెల్లగాను కానవచ్చును. నీరు మిక్కుటమైనప్పుడు గుండెకు ఇరుప్రక్కల గబ్బిలము ఱెక్కలు చాచినట్లు తెల్లని నీడ వ్యాపించును. గోడలలో మాత్రమే నీరున్నప్పుడు ఊపిరితిత్తి అంచున సన్నని అడ్డుగీతలు కనబడును. వీనిని 1933లో వర్ణించిన కెర్లీ పేరిట నేటికిని పిలుచుచున్నారు. కాని ఊపిరితిత్తులలోని నీరు సుమారు మూడవవంతు హెచ్చినగాని ఈ పటము స్పష్టముగా మార్పు చూపదు.

1971లో మొట్టమొదట ఒక రోగికి ఉపయోగింపబడిన సీటీ స్కాను ఈ నీడలకు అంకెలు కట్టుట నేర్పెను. దానిని నిర్మించిన హౌన్స్‌ఫీల్డ్ పేరిట ఒక మానము కలదు. అందు నీటికి 0, గాలికి మైనస్ 1000. ఇప్పుడొక లెక్క చేయుడు. ఊపిరితిత్తిలో ఒక భాగము మైనస్ 800 చూపినచో, అందు నూటికి 80 పాళ్లు గాలియు, 20 పాళ్లు కండ, రక్తము, నీరును ఉన్నవన్నమాట. అదే భాగము మఱునాడు మైనస్ 600 చూపినచో గాలి కానిది 40 పాళ్లైనది. అనగా అచ్చటి బరువు రెట్టింపైనది. ఎంత చక్కని లెక్క! కాని ఆ హెచ్చినది నీరో, రక్తమో, చీమో ఈ అంకె యొక్కటియే చెప్పజాలదు. అంతేగాక ప్రాణసంకటములోనున్న రోగిని యంత్రమున్న గదికి తరలించుట కష్టము.

5. కలిపి కొలుచుట

మూతి చిన్నదైన యొక పెద్దకుండలో నీరెంతయున్నదో చెప్పవలెను, కుండను వంపరాదు. ఏమి చేయుదురు? అందులో 10 గ్రాముల ఉప్పు వేసి బాగుగా కలిపి, ఒక గరిటెడు నీరు తీసి పరీక్షింపుడు. లీటరునకు ఒక గ్రాము ఉప్పున్నట్లు తేలినచో కుండలో 10 లీటర్ల నీరున్నదని నిశ్చయింపవచ్చును. లీటరునకు అర గ్రామే యున్నచో 20 లీటర్లు.

ఈ సూత్రమునే 1954లో చినార్డ్ మొదలగువారు కుక్కల ఊపిరితిత్తులకు అన్వయించిరి. రక్తనాళములను విడిచిపోని ద్రవ్యము నొకదానిని, గోడలు దాటి వెలుపలి నీటిలోను వ్యాపింపగల ద్రవ్యము వేఱొకదానిని ఏకకాలమున రక్తములోనికి ఎక్కింతురు. మొదటిది రక్తముయొక్క ప్రమాణమును మాత్రమే తెలుపును. రెండవది రక్తమును, వెలుపలి నీటిని కలిపి తెలుపును. రెండవదానినుండి మొదటిదానిని తీసివేసిన మిగులునదే మనకు కావలసిన నీరు.

తరువాత ఆసుపత్రులలో రెండవ ద్రవ్యమునకు బదులు చల్లదనమునే ఉపయోగింపసాగిరి. మెడయందలి పెద్దసిరలోనికి చల్లని ఉప్పునీటిని కొంచెము త్వరగా ఎక్కింతురు. అది గుండె కుడిభాగము, ఊపిరితిత్తులు, గుండె యెడమభాగము దాటి తొడలోని ధమనికి చేరును. అచ్చట నుంచిన సూక్ష్మమైన ఉష్ణమాపకము రక్తము ఎంత చల్లబడెనో, ఎంతసేపు చల్లగా నుండెనో వ్రాయును. దారిలో నీరెక్కువ యున్నకొలది చల్లదనము అందులో వ్యాపించి ఆలస్యముగా వచ్చును. నేడు రెండు ద్రవ్యముల యవసరము లేకుండ చల్లని నీటితోనే ఈ లెక్క కట్టుచున్నారు. 2010లో జపాను వైద్యులు, బ్రదికియున్నప్పుడు ఇట్లు కొలువబడిన రోగులు చనిపోయిన పిదప వారి ఊపిరితిత్తులను తూచి, రెండు కొలతలును మిక్కిలి దగ్గఱగా నున్నవని ప్రకటించిరి. త్రాసు సాక్ష్యము చెప్పినది!

ఈ కొలతను కిలోగ్రాము శరీరపు బరువునకు ఇన్ని మిల్లీలీటర్లని చెప్పుదురు. సామాన్యముగా 3 మొదలు 7 వఱకుండును. 10 దాటినచో నీరు చేరినదనుటకు గుర్తు. 60 కిలోగ్రాముల మనుష్యునకు కిలోకు 5 చొప్పున 300 మిల్లీలీటర్లు, అనగా ఇంచుమించు ఒక పెద్దగ్లాసెడు. అది రెండు గ్లాసులైనచో వ్యాధి. ఒక్క గ్లాసెడు నీటి తేడాలో ప్రాణమున్నదన్నమాట! ఈ లెక్కకు రోగి యెత్తునుబట్టి ఉండదగిన బరువును తీసికొందురు. ఏలయనగా మనిషి లావైనంత మాత్రమున ఊపిరితిత్తులు పెరుగవు. ఈ పద్ధతికి సిరలోను ధమనిలోను గొట్టములు గ్రుచ్చవలసియుండుటచేత ఇది మిక్కిలి జబ్బుపడిన వారికే తగినది.

6. ప్రతిధ్వని

శరీరములోనికి శబ్దతరంగములను పంపి ప్రతిధ్వనులతో చిత్రము గీయు అల్ట్రాసౌండు యంత్రమును మీరు వినియుందురు. గాలి శబ్దమును త్రిప్పికొట్టును గనుక ఇది ఊపిరితిత్తులకు పనికిరాదని చాలకాలము వైద్యులు తలంచిరి. కాని ఫ్రెంచి వైద్యుడు డానియేల్ లిక్టెన్‌స్టైన్ మొదలగువారు 1997లో ఒక వింతను ప్రకటించిరి. ఆరోగ్యమైన ఊపిరితిత్తిపై అడ్డుగీతలు మాత్రమే కానవచ్చును. గోడలలో నీరు చేరినచో ఊపిరితిత్తి అంచునుండి క్రిందికి తోకచుక్కలవలె ప్రకాశమైన నిలువుగీతలు వ్రేలాడును, ఊపిరితోపాటు కదలును. పనికిరాదన్న దోషమే గుర్తుగా మాఱినది. రెండు ప్రక్కటెముకల నడుమ మూడు గాని అంతకు మించి గాని ఇట్టి గీతలున్నచో అది లెక్కకు వచ్చును. ఱొమ్మును భాగములుగా విభజించి, గీతలను లెక్కించి, నీరు హెచ్చినదో తగ్గినదో మంచము ప్రక్కనే నిలిచి చూడవచ్చును. కిరణముల భయము లేదు, సూదిపోటు లేదు. అయితే న్యుమోనియాలోను, ఊపిరితిత్తి గట్టిపడు జబ్బులలోను ఇట్టి గీతలే రావచ్చును. కావున గీతలను చూచువాడు రోగిని కూడ చూడవలెను.

7. ఎఱ్ఱతేలు కథ

పరికరము లెంత గొప్పవైనను, సమయమునకు అందనిచో నిష్ప్రయోజనము. దీనికొక నిదర్శనము మన దేశములోనే కలదు. మహారాష్ట్రలోని కొంకణ ప్రాంతమునను, మన తెలుగునాటను ఎఱ్ఱతేలు కలదు. దాని విషము శరీరములోని రక్తనాళములను బిగియించి, గుండెపై భారము మోపి, కొన్ని గంటలలో ఊపిరితిత్తులను నీటితో నింపును. పల్లెటూళ్ల పిల్లలనేకులు ఇట్లు మరణించిరి. మహాడ్ ప్రాంతమున పనిచేసిన డాక్టరు హిమ్మత్‌రావు బావస్కర్ రోగుల ప్రక్కనే యుండి, నాడిని, రక్తపోటును, ఊపిరితిత్తుల ధ్వనిని గమనించి, ముందుగా కానవచ్చు గుర్తులను 1982లో లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించెను. బిగిసిన నాళములను వదులుచేయు ప్రాజోసిన్ అను మాత్ర దీనికి మంచి మందని 1986లో అదే పత్రికలో తెలిపెను. ఆ మాత్ర వాడుకలోనికి వచ్చినపిదప మరణములు మిక్కిలి తగ్గినవి. కాబట్టి తేలు కుట్టినవానిని మంత్రములకు గాని నాటుమందులకు గాని నిలుపక, వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

8. ఇంటిలో చేయదగిన కొలత

తల్లిదండ్రులారా! ఈ కొలతలన్నిటిలో మన చేతనైనది కూడ ఒకటి కలదు. ఒక లీటరు నీరు ఒక కిలోగ్రాము బరువు తూగును. అన్నము తిని ఎవ్వరును రెండు మూడు దినములలో రెండు కిలోలు లావుకారు. అట్లు పెరిగినది నీరే. కావున గుండెజబ్బుగలవారు ప్రతిదినము ప్రాతఃకాలమున, మూత్రవిసర్జన చేసిన తరువాత, ఏమియు తినకముందు, ఒకే త్రాసుమీద, ఒకే విధమైన బట్టలతో తూగి, ఆ యంకెను వ్రాసి యుంచవలెను. మూడు దినములలో 2 కిలోగ్రాములకు మించి పెరిగినచో ఆయాసము లేకున్నను వైద్యునకు తెలుపవలెను. తలగడలు ఒకటినుండి రెండు, రెండునుండి మూడైనప్పుడును, నడిరేయి ఊపిరాడక లేచి కూర్చున్నప్పుడును అట్లే చేయవలెను. ఊపిరాడనివానిని పండుకొనుమని బలవంతము చేయరాదు. కూర్చుండబెట్టి ఆసుపత్రికి చేర్పవలెను.

నేనెఱిగిన యొక యింటిలో తొమ్మిదవ తరగతి చదువు బాలుడు తన నాయనమ్మ బరువును ప్రతి ఉదయము గోడమీది క్యాలెండరులో వ్రాయుచుండెను. ఒక వారము 51 ఉన్న అంకె మూడు దినములలో 53న్నర అయ్యెను. "నాకేమియు లేదురా, పండుగ పిండివంటలవలన బరువెక్కితిని" అని ఆమె నవ్వెను. బాలుడు మాత్రము తండ్రిని విడువలేదు. ఆసుపత్రిలో స్టెతస్కోపునకు ఏమియు వినబడలేదట. అల్ట్రాసౌండు చూపిన నిలువుగీతలు నిజము చెప్పినవి. మూత్రము జారీయగు మందుతో నాలుగు దినములలో అంకె మరల 51కి దిగినది. ఆమె రొప్పకముందే, నురుగు రాకముందే, ఆపద తప్పినది.

విద్యార్థులారా! పీపాను తట్టిన చేయి, కాగితపు గొట్టమునకు ఆన్చిన చెవి, త్రాసు, కిరణము, చల్లని నీరు, ప్రతిధ్వని, వీనిలో ఏదియు తక్కినదానిని రద్దుచేయలేదు. ఒకదాని లోపమును మఱియొకటి తీర్చినది. లెక్కల తరగతిలో మీరు నేర్చు కూడికలు, తీసివేతలు, నిష్పత్తులే వీనియన్నిటి మూలమున నున్నవి. జాగ్రత్తగా చూచి, ఉన్నది ఉన్నట్లు వ్రాసి, వేళకు చెప్పువాడు, చిన్నవాడైనను, ఒక ప్రాణమును కాపాడగలడు. మీ యింటిలో ఆయాసపడు పెద్దవారున్నచో రేపటి ఉదయమే మొదటి యంకె వ్రాయుడు.